కెజియా వడ్డన వంతు

నాకు నోరెక్కువని మా పేటలో చిన్నా పెద్దా అందరికీ తెలుసండి. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మౌనం బడి మీటింగులో కూర్చోబెట్టారంటే, దేవుడికి కూడా అప్పుడప్పుడు ఎకసెక్కాలాడాలనిపిస్తుంది కాబోలు.

మౌనం బడంటే కడియం అవతల కాలవ గట్టున ఉన్న బడి. మా తాతల కాలంలో ఇంగ్లండు నుంచి క్వేకర్లనే క్రైస్తవుల్లో ఒక దొర, దొరసాని వచ్చి పెట్టారంట. వాళ్ళ ప్రార్థనలో పాటా ఉండదు, పాస్టరు గారూ ఉండరు. అందరూ నోరు మూసుకుని కూర్చుంటారు. ఎవరికి లోపల్నుంచి మాట పుడితే వాళ్ళు లేచి చెప్పి కూర్చుంటారు. దొరలు వెళ్ళిపోయినా ఆ పద్ధతి ఉండిపోయింది. బడి సంగతి ఏది తేల్చాలన్నా చేతులెత్తడాలు, ఓట్లు లేవు. పెద్దాయన విషయం చెబుతారు, కాసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరూ లేచి కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది.

అక్కడ ఇంకో మంచి పద్ధతి కూడా ఉంది. మధ్యాహ్నం పిల్లలంతా ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. ఆరో తరగతి వాళ్ళు వంతులేసుకుని వడ్డిస్తారు, ఒక్కో వారం ఒక్కొక్కరు. మా కెజియా ఆ ఏడు ఆరులోకొచ్చింది. ఇక చూడండి, ఇంట్లో చెంబులో నీళ్ళు పోసుకుని, గరిటె పట్టుకుని, వాళ్ళ నాయనమ్మ చుట్టూ ఒకటే తిరగడం. "ఇంకొంచెం వెయ్యమంటారాండి?" అని అడగడం కూడా నేర్చుకుంది. ఆ ముసలమ్మ "వెయ్యమ్మా వెయ్యి" అని ఉత్తి నీళ్ళకే పళ్ళెం చాపేది. చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఆ జూన్‌లోనే బళ్ళో ఇంగ్లీషు మీడియం పెట్టారు. దాంతో పెద్ద రైతుల పిల్లలు వచ్చి చేరారు. నేను పాకెట్లలో మట్టి నింపే మొక్కల నర్సరీ యజమాని బంగార్రాజు గారి అమ్మాయి దుర్గాశ్రీ కూడా మా కెజియా క్లాసే. పేట పిల్లల తరఫున కూడా మీటింగులో ఒకరుండాలన్నారు. మావాళ్ళు నన్ను తోశారు.

నా మొదటి మీటింగు శనివారం సాయంత్రం. నర్సరీలో "ఏమే మాణిక్యం" అనే బంగార్రాజు గారు ఆ గదిలో "రండి రత్నమాణిక్యం గారూ, ఇలా కూర్చోండి" అన్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

మీటింగు నడిపే సత్తిరాజు గారు రిటైరైన మాస్టారు. మెత్తని మనిషి. కళ్ళజోడు తుడుచుకుని చెప్పారు. "సోమవారం నుంచి వడ్డన ఆయాలు చేస్తే బాగుంటుందని కొందరు తల్లిదండ్రులు అంటున్నారండి. పిల్లలకి చదువుకునే టైము కలిసొస్తుంది. వేడి సాంబారు ఒలికి కాళ్ళు కాలే భయం ఉండదు. అందరూ ఆలోచించండి." అని కళ్ళు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు.

నాకు కళ్ళు మూతపడితేగా! సోమవారం ఎవరి వంతండి? మా కెజియాది. ఇంగ్లీషు మీడియం వచ్చాక మా పేట పిల్లలకి వచ్చిన మొదటి వంతు. ఇన్నేళ్ళూ కాలని కాళ్ళు ఇప్పుడు కాలతాయా? ఒళ్ళు మండిపోయింది. ఎవరో ఒకరు లేస్తారని చూశాను. పొద్దున వరండాలో ఈ సంగతి ముందే చెప్పి, నా చెయ్యి పట్టుకుని "అన్యాయమమ్మా" అన్న తెలుగు టీచరు సీతారామలక్ష్మి గారు ఇప్పుడు గోళ్ళు చూసుకుంటున్నారు. సత్తిరాజు గారు కళ్ళు తెరిచి, ఇక తేలిపోయిందన్నట్టు గొంతు సవరించుకున్నారు.

లేచాను. నర్సరీలో రేపు పని ఉంటుందో ఊడుతుందో అనిపించింది. అయినా నా నోరు నా మాట వింటుందా?

"నేనొప్పుకోనండి. సాంబారుకి కాళ్ళు కాలతాయని మా పిల్ల వంతొచ్చేదాకా ఎవరికీ గుర్తు రాలేదాండి? దాని చేతి తిండి తినం అని పైకి ఒక్కరనండి. అంటే కూర్చుంటాను."

ఎవరూ అనలేదు. బంగార్రాజు గారు మాత్రం ఎంతో మర్యాదగా "అయ్యయ్యో, మేమేమన్నామండి? మాకలాంటివేం లేవండి" అన్నారు.

మళ్ళీ మౌనం. ఈసారి చాలాసేపు. బయట లారీలోకి మొక్కలెక్కిస్తున్న కేకలు వినబడుతున్నాయి. ఆఖరికి సత్తిరాజు గారు అడిగారు. "అయితే పాత పద్ధతే ఉంచుదాం. ఎవరికైనా ఒప్పుదల లేకపోతే చెప్పండి." ఒక్కరూ లేవలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. "అందరి మనసూ ఒకటైంది," అన్నారు.

మీటింగయ్యాక పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవడం అక్కడి ఆచారం. బంగార్రాజు గారు నాకు దూరం నుంచే దండం పెట్టి బయటికెళ్ళిపోయారు. గెలిచిన సంతోషంలో నేనది పట్టించుకోలేదండి.

సోమవారం ఒక పూట పని మానేసి, భోజనాల గది కిటికీ దగ్గర నిలబడ్డాను. కెజియా రెండు జడలేసుకుని, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని సాంబారు బకెట్టు పట్టుకుంది. పళ్ళేల్లో అన్నం ఆయాలు ముందే పెట్టేశారు. ముందు మా పేట పిల్లలకి వేసింది. తర్వాత దుర్గాశ్రీ. ఆ పిల్ల అన్నం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంది.

"ఇంకా వెయ్యలేదుగా," అంది మా పిల్ల నవ్వుతూ.

"చాల్లే. ఆకలి లేదు."

పక్క పిల్లాడు "చాలు." ఆ పక్క పిల్ల "చాలు, చాలు." విసుగు లేదు, ఛీత్కారం లేదు. పెళ్ళి భోజనాల్లో కడుపు నిండినవాళ్ళు అన్నంత మర్యాదగా అన్నారు. అందరూ ఇళ్ళ దగ్గర్నుంచి నేర్చుకుని వచ్చారు. నా కూతురు వంగడం, లేవడం, పక్కకి జరగడం. పంక్తి చివరికొచ్చేసరికి బకెట్టు తరగలేదు, మొహంలో నవ్వు మాత్రం లేదు.

సత్తిరాజు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "మీటింగులో ఎవరూ కాదనలేదు కదమ్మా," అన్నారు నాతో, ఏం జరుగుతోందో అర్థం కానట్టు.

"అవునండి! కాదనలేదు, ఔననలేదు. నోరు మూసుకున్నవాళ్ళ మనసు మీకెలా తెలిసిందండి?" అని అరిచాను. పిల్లలంతా తలలెత్తి చూశారు. ఆయన తల దించుకున్నారు. పాపం ముసలాయన అనిపించింది గానీ, ఆ క్షణాన నాకు ఎవరి మీదా జాలి పడే ఓపిక లేదు.

లోపలికెళ్ళి దుర్గాశ్రీ పక్కన కూలబడి, అన్నం పెట్టిన పళ్ళెం ఒకటి లాక్కుని "నాకు వెయ్యవే" అన్నాను.

కెజియా బెదిరిపోయి చుట్టూ చూసింది. "అమ్మా, నువ్వు బడిపిల్లవి కాదుగా. ఇక్కడ కూర్చోకూడదు, లే," అని గుసగుసలాడింది. అయినా వేసింది. తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

బడి వదిలాక ఇద్దరం గట్టు వెంట ఇంటికి బయల్దేరాం. ఏడుస్తుందేమో, ఓదార్చాలని మాటలు కూడబలుక్కుంటున్నాను.

"అమ్మా, నా వంతు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెబుతావా?" అంది.

"ఎందుకే? వాళ్ళకి భయపడా?"

"కాదు. దుర్గాశ్రీకి నిజంగా ఆకలేసింది. నువ్వు లేచెళ్ళాక నేను మళ్ళీ అటొచ్చేసరికి ఒట్టన్నం తింటా ఏడుస్తోంది. శనివారం దాకా నేనే వడ్డిస్తే, శనివారం దాకా ఒట్టన్నమేగా తింటది."

దాన్ని ఒక్కటి పీకాలనిపించింది. ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. ఏదీ చెయ్యలేక అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఇంతమంది పెద్దలు కలిసి లాక్కోలేని వంతుని, ఈ పిల్ల జాలిపడి తనంతట తనే వదిలేస్తానంటోంది.

"ఇవ్వను," అన్నాను. "ఎవరేడ్చినా సరే, రేపు నువ్వే వడ్డించాలి."

"నేను ఏడ్చినా సరేనా?"

లేచి, చీర దులుపుకుని, దాని చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.