చౌడమ్మ అమ్మని వాటాలు

ముదిగుబ్బ దగ్గరి నూనె మిల్లు కంపెనీలో చౌడమ్మ డైరెక్టరు. వానలు లేక వేరుశనగ రాలేదు. మిల్లు మూసేయాలని బోర్డు తీర్మానించింది. డైరెక్టర్లు తమ మీటింగు భత్యం కూడా వదులుకున్నారు. సోమవారం మిల్లు మూత సంగతి ప్రకటించేదాకా డైరెక్టర్లెవరూ వాటాలు అమ్మకూడదని నియమం.

ఆదివారం మరిది చెన్నప్ప వచ్చాడు.

"గొర్రెలు అమ్మినా వదినా. ఆ డబ్బుకు నీ వాటాలు నాకియ్యి."

బావి లోతు చేయించడానికి ఆమెకు ఆ డబ్బు కావాలి. కూర్చోలేక ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది.

"ఇప్పుడు కాదప్పా. రేపు సాయంత్రం రా."

"రేపు ధర పెరుగుతాదా?"

"నన్నేమీ అడగద్దు."

చెన్నప్ప ముఖం మాడ్చుకుని పోయాడు. మరునాడు ప్రకటన విని మళ్లీ వచ్చాడు.

"నీకు నిన్ననే తెలుసునా?"

"తెలుసు."

"చెప్పింటే నిన్ను తిట్టుకునేవాణ్ణి కాదు కదా వదినా."

చౌడమ్మ బావి తవ్వేవాళ్లను రావద్దని కబురంపింది.