సున్నం గీత

మనిషి తాగాడో లేదో తెలుసుకోవాలంటే నోరు వాసన చూడాలి. మిల్లు యజమాని నాకు అప్పజెప్పిన పని అదే. ఆ పని తప్పించుకోవడానికే నేను సున్నం గీత గీశాను.

ఆదోని బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిసిన మరుసటి ఏడు అది. మద్యనిషేధం రోజులు. తాగి దొరికితే జైలు. పైగా మాది పత్తి మిల్లు. తాగిన మత్తులో ఎవడైనా చుట్ట వెలిగిస్తే మిగిలేది బూడిదే. అందుకని పొద్దున షిఫ్టుకు వచ్చే ప్రతి కూలీ నోరూ వాసన చూసి లోపలికి పంపమని యజమాని హుకుం జారీ చేశాడు. నేను అక్కడ టైంకీపర్ని. పేరు రంగనాథ. ఇరవై ఆరేళ్ల వయసు, మెట్రిక్ పాసయ్యానన్న పొగరు, మంత్రాలయం దగ్గరి మాధ్వ కుటుంబం. మా అమ్మ అంబాబాయి, మిల్లు నుంచి వచ్చిన నేను పెరట్లో బట్టలు విప్పి నెత్తిన నీళ్లు పోసుకుంటే గానీ ఇంట్లోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, పొద్దున్నే లేచి నూటయాభై మంది కూలీల నోళ్ల దగ్గర ముక్కు పెట్టనా?

గేటు నుంచి బోరాలు తూచే కాటా దాకా ఇరవై అడుగులు ఉంటుంది. అంత పొడుగునా సున్నంతో గీత గీయించి, దాని మీద నడిచి లోపలికి పొమ్మన్నాను. ఆడవాళ్లకు ఆ పరీక్ష లేదు. మగవాళ్లలో తూలినవాడు తాగినవాడు. నేను పది అడుగుల దూరంలో, మేజా వెనక, లాంతరు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. యజమాని మెచ్చుకున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

యేసేపు అందులో చిక్కాడు. ఎమ్మిగనూరు పక్క పల్లె అతనిది. క్రైస్తవులు. పెళ్లాం సంతోషమ్మతో కలిసి పని కోసం ఆదోనికి వచ్చాడు. ఆమె పత్తిలో చెత్త ఏరేది. అతను పత్తి కుక్కిన బోరాలు వీపున వేసుకుని, ఏటవాలు పలక మీదుగా అటక ఎక్కించేవాడు. జానెడు వెడల్పు పలక మీద అంత బరువుతో పాట పాడుకుంటూ ఎక్కేవాడు. పుష్యమాసంలో ఒకనాడు అటక మీది బోరా ఒకటి జారి అతని మీద పడింది. తల కాటా దిమ్మెకు కొట్టుకుంది. చాలాసేపు లేవలేదు. లేచి వాంతి చేసుకున్నాడు. రక్తం మాత్రం రాలేదు. రక్తం రానిది దెబ్బే కాదని మేస్త్రీ అన్నాడు. అవునన్నాను నేను. నాలుగో నాడు యేసేపు పనిలోకి వచ్చాడు.

షిఫ్టు ఆరింటికి మొదలు. ఆ నెలల్లో ఆరింటికి ఇంకా చీకటి విడవదు. గీత మీద నాలుగడుగులు వేశాడో లేదో యేసేపు ఎడమకు ఒరిగాడు. సర్దుకుని మళ్లీ ఒరిగాడు.

"రాత్రిది ఇంకా దిగలేదా యేసేపూ?" అన్నాను.

"తాగల్యా సామీ. నేల కదుల్తాంది."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నేల కదులుతోందట. తాగినవాడికి కాక ఇంకెవడికి కదులుతుంది? పైగా గేటు పక్కన కూర్చోబెట్టి, పది గంటలకు ఎండెక్కాక చూస్తే శుభ్రంగా నడుస్తున్నాడు. మత్తు దిగిందనుకున్నాను. ఇంతకంటే రుజువు ఏం కావాలి? మర్నాడు రెండోసారి తూలాడు. ఎనిమిది రోజులు మిల్లు గడప తొక్కవద్దని, మూడోసారి తూలితే పోలీసులకు అప్పగిస్తానని చెప్పి వెళ్లగొట్టాను. అతని వెనకే సంతోషమ్మ కూడా పని వదిలి వెళ్లిపోయింది.

ఎనిమిదో నాటి సాయంత్రం ఆమె ఒక్కతే గేటు దగ్గరికి వచ్చింది. కొంగు బిగించి కట్టుకుని, ఎదురుగా నిలబడింది.

"సామీ, మొదట్ల నేనూ నమ్మల్యా. కట్టెల సందున, సూరులోన, అంతా ఎతికినా. యాడా సారాయి ల్యా. ఒకనాడు తెల్లార్తో తలకు నీళ్లు పోస్తాంటే కండ్లు మూసుకున్నాడు. మూసుకున్నెంటనే పక్కకు పడిపోయినాడు. అప్పుడే నిద్ర లేసిన మనిషి, యాడ తాగుతాడు? కండ్లకు కనిపిస్తాంటే నిలబడతాడు సామీ. సీకటైతే నిలబడల్యాడు. ఆ బోరా పడినప్పట్నుంచే ఇట్లయింది."

నేను హాజరు పుస్తకం మూసి లేవబోయాను.

"ఎమ్మిగనూరులో మా యమ్మోళ్ల ఇంటికి తోలకపోయినా. ఆడ తెల్లారుజామున నేసేటోళ్లు వీధిలో పడుగు నూలు సాపుతారు గదా. ఈయప్ప తూలి, దాని మింద పడబోయినాడు. అంచు పోగుకు ఏలు తగిలింది. అంతే, నిలబడినాడు. ఆ పోగు మింద ఏలు ఆనిచ్చి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినాడు. నేసేటాయన తిట్టను వచ్చి, ఒక్క పోగు గూడా తెగల్యా గదా అని ఊరకయినాడు. నూలు పోగు మనిషిని మోస్తాదా? మొయ్యదు. ఏదో ఒకటి ఏలికి తగుల్తాంటే సాలు, కాలు నిలుస్తాది. రేపు ఆయప్పను గోడ ఎంబడి ఏలు ఆనిచ్చి నడవనియ్యి సామీ. నేను అడిగేది అంతే."

వినకపోవడానికి నా దగ్గర ఒకే కారణం ఉంది. రేపు పొద్దున రమ్మని మధ్యాహ్నమే పోలీసు జవానుకు కబురు పెట్టేశాను. ఇప్పుడు మాట మార్చుకుంటే నా పరువేం కాను?

"ఒకరికి గీత, ఒకరికి గోడ కుదరదు. రేపు జవాను వస్తాడు, ఆయనకు చెప్పుకో" అన్నాను.

ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే సంధ్యావందనానికి నిలబడ్డాను. కళ్లు మూసుకుని గాయత్రి జపిస్తూ ఉంటే సగంలో ఆమె మాట గుర్తొచ్చింది. ఎనిమిదో ఏట ఒడుగైన దగ్గర్నుంచి రోజూ ఇలా కళ్లు మూసుకునే నిలబడుతున్నాను. ఒక్కనాడు కూడా తూలలేదు. జపం ఎంతవరకు వచ్చిందో మరిచిపోయాను. మొదటిసారి భయం వేసింది. అతనికి ఏమవుతుందోనని కాదు, నేను తప్పు చేశానేమోనని. నా భయం కూడా నా గురించే.

మిల్లుకు వెళ్లేసరికి జవాను నా మేజా పక్కన నిలబడి బీడీ తాగుతున్నాడు. వరుసలో అందరికంటే ముందు యేసేపు. ఎనిమిది రోజుల్లో మనిషి సగమయ్యాడు. సంతోషమ్మ అప్పటికే లోపలికి పోయి కాటా దగ్గర నిలబడి ఉంది. ఒక చేయి వెనక పెట్టుకుంది.

హాజరు పుస్తకం కోసం లాంతరు వత్తి పెంచాను. గేటు కొక్కెం దగ్గర ఏదో సన్నగా మెరిసింది. చూపు దాని వెంటే పోయింది. నూలు పోగు. కొక్కేనికి కట్టి ఉంది. గీత పక్కనే, నడుమెత్తున సాగి, సంతోషమ్మ వెనక పెట్టుకున్న చేతిలోకి పోయింది. ఎమ్మిగనూరు నుంచి తెచ్చుకుంది కాబోలు.

జవానుకు చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. తెరిచి, యేసేపు పేరు పిలిచాను.

అతను ఎడమచేతి చూపుడువేలు పోగు మీద ఆనించి అడుగు వేశాడు. ఒకటి, రెండు, మూడు. తిన్నగా నడుస్తున్నాడు. నాలుగు, ఐదు. ఆరు. అతని కళ్లు పెళ్లాం మీదే ఉన్నాయి. ఏడు.

"మొగం సరిగ్గా కనిపిస్తాలేదే" అంటూ జవాను లాఠీ చంకన పెట్టుకుని ముందుకు నడిచాడు. ఆగమందామనుకున్నాను. ఏమని ఆపను? గీతను అడ్డంగా దాటాడు. పోగు అతని నడుముకు తగిలి పుటుక్కున తెగింది. అది అతనికి తెలియను కూడా లేదు.

యేసేపు వేలు గాలిలో తడుముకుంది. ఎడమకు ఒరిగాడు, రెండడుగులు పక్కకు వేశాడు, మోకాళ్ల మీద కూలబడ్డాడు. వరుసలో ఎవరో నవ్వారు.

"ఇంకేం సూడాల" అని జవాను అతని రెక్క పట్టుకున్నాడు. "లెయ్‌రా. స్టేషనుకు నడువు."

సంతోషమ్మ తెగిన పోగు చేత్తో పట్టుకుని వచ్చింది. జవాను వైపు చూడలేదు. నా మేజా ముందుకు వచ్చి ఆగింది.

"సామీ, ఇన్ని దినాల్లో ఒక్కసారన్నా మా ఆయప్ప నోరు వాసన సూసినావా?"

గొంతు పెంచలేదు. అయినా వరుస చివరి దాకా వినబడింది. జవాను నా వైపు తిరిగాడు.

"సూడల్యానా సామీ? వాసన సూసినోడు సాక్షం సెప్పకుంటే కేసు యెట్ల నిలుస్తాది? ఇప్పుడన్నా సూడు. ఉందంటే తోలకపోతా."

లేచాను. మేజా నుంచి యేసేపు దాకా పది అడుగులు. నూటయాభై మంది చూస్తున్నారు. ఒక్క అబద్ధం చెబితే నా గీతా, నా పరువూ నిలుస్తాయి, అతను జైలుకు పోతాడు. అది నాకు స్పష్టంగా తెలుసు. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

మోకాళ్ల మీద ఉన్న మనిషి ముందు వంగాను. "ఊదు" అన్నాను. ఊదాడు.

సారాయి వాసన లేదు. రొట్టె వాసన లేదు, ఉల్లిగడ్డ వాసన కూడా లేదు. కానీ ఒక వాసన ఉంది. అది నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టని మా అమ్మ, ద్వాదశి పొద్దున నా పక్కన కూర్చుని స్తోత్రం చదువుతుంటే వచ్చే వాసన. ఎండిన నాలుక, ఖాళీ కడుపు. దాన్ని మా ఇంట్లో పుణ్యం అంటాం.

"తిని ఎన్నాళ్లయింది?" అని అడిగాను. యేసేపు పెళ్లాం వైపు చూశాడు.

"మొన్న గంజి తాగినాడు" అంది సంతోషమ్మ. "ఎనిమిది దినాలు పని ల్యాకపాయ గదా సామీ." నన్ను నిందించినట్టు కాదు, అడిగాను కాబట్టి చెప్పింది.

"తాగలేదు. తిననూ లేదు" అన్నాను జవానుతో.

"మరి యెందుకు తూల్తాండాడు?"

"అటక మీంచి బోరా పడి తలకు దెబ్బ తగిలింది. నా కళ్ల ముందే పడింది." ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. "నమ్మకపోతే ఇంకోసారి నడిపించి చూడండి. తాగినవాడు నూలు పోగు తెంపకుండా నడవగలడేమో మీరే చూడండి."

తెగిన రెండు కొసలూ తీసుకుని ముడి వేశాను. ముడి మూడోసారికి గానీ పడలేదు. ఒక కొస కాటా దగ్గర సంతోషమ్మ పట్టుకుంది. గేటు దగ్గర కొస నేను పట్టుకున్నాను. యేసేపు నా పక్క నుంచి బయలుదేరాడు. అతని వేలు పోగు మీద ఆనినప్పుడు నా వేళ్లకు తెలిసింది. ఈగ వాలినంత బరువు కూడా లేదు. మధ్యలో ముడి దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. పోగు వణికింది. వేలు ముడి దాటింది. కాటా దాకా పోయి, పెళ్లాం ముందు ఆగాడు. పోగు తెగలేదు.

"పనోణ్ణి తాగుబోతని సెప్పి నన్ను పిలిపించినావే సామీ" అని జవాను విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

యేసేపు మళ్లీ పలక ఎక్కలేదు. బోరాల మూతులు దబ్బనంతో కుట్టే పనిలో కూర్చోబెట్టించాను. గేటు నుంచి షెడ్డు దాకా తాడు కట్టించాను. పగటిపూట ఏడాదికి బాగా కుదుటపడ్డాడు గానీ, మసక వెలుతురులో మాత్రం అతని వేలు ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని తాకుతూనే ఉండేది. పాట మళ్లీ నేను వినలేదు. సున్నం గీత తొలకరి వానకు పోయింది. మళ్లీ గీయించలేదు.

ఆ మర్నాటి నుంచీ ప్రతి నోరూ వాసన చూశాను. ఆ సీజనంతా కలిపి తాగినవాళ్లు ముగ్గురు దొరికారు. ద్వాదశి వాసన మాత్రం ఏ తిథి అయినా, ఏ వారమైనా, వరుసలో కనీసం పదిమంది దగ్గర వచ్చేది. తాగినవాడు దొరికితే పోలీసులను పిలవమని యజమాని చెప్పాడు. ఈ వాసన వస్తే ఎవరిని పిలవాలో నాకు ఎవరూ చెప్పలేదు.