మూడో మాట

జోజమ్మ టీచరుకు పాఠం చెప్పడమంటే ప్రాణం. అదే ఆవిడ కొంప ముంచింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివించి, బోర్డు మీద నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకునే మనిషైతే ఏ గొడవా ఉండేది కాదు. అబ్బే, ఆవిడ అలా ఊరుకోదు. చెప్పింది పిల్లల కళ్లకు కట్టాలి, వాళ్లు పడీ పడీ నవ్వాలి, ఇంటికెళ్లి కూడా అదే మాట అనుకోవాలి. అనుకున్నారు మరి, బాగానే అనుకున్నారు!

అది ఎనభై ఆరో సంవత్సరం, మార్చి నెల. ఆగిరిపల్లికి మూడు మైళ్ల దూరంలో, నాలుగు వైపులా మామిడి తోటలున్న ఊళ్లో ఒక అప్పర్ ప్రైమరీ స్కూలు. జోజమ్మకు ఇరవై ఆరేళ్లు. ఉంగుటూరు దగ్గర నాట్లకు, కలుపులకు పోయే కుటుంబంలో పుట్టి, ట్రైనింగు పాసై, ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి. ఏడో తరగతి ఇంగ్లీషు ఆవిడదే. ఏడో తరగతి పరీక్ష పేపర్లు జిల్లా నుంచి వస్తాయి. అందులో తప్పితే హైస్కూలు గడప తొక్కేది లేదు. అందుకే ఆవిడకు అంత తాపత్రయం.

ఆ రోజు పాఠం విశేషణాలు. మామూలుగా చెబితే ఒక మాట, ఇద్దరిని పోల్చితే రెండో మాట, అందరిలోకీ ఎక్కువంటే మూడో మాట. ముగ్గురు ఆడపిల్లలను వరసగా నిలబెట్టి టాల్, టాలర్, టాలెస్ట్ అంది. క్లాసు గొల్లుమంది. ఇంకో ముగ్గురిని నిలబెట్టి ఫ్యాట్, ఫ్యాటర్, ఫ్యాటెస్ట్ అంది. చివర నిలబడ్డ కృష్ణవేణి, కిరాణా కొట్టు సాంబయ్య కూతురు, బుగ్గలు ఇంకాస్త పూరించి మరీ చూపించింది. రిచ్ అన్నప్పుడు కూడా కృష్ణవేణే తనంతట తను వచ్చి మూడో చోట నిలబడింది. ఇక మిగిలింది పూర్.

అక్కడ ఆగాల్సింది. కాస్త ఆలోచన ఉన్నవాళ్లెవరైనా ఆగుతారు. కానీ పాఠం మంచి ఊపులో ఉంది, పిల్లలు బెంచీల మీద నిలవలేకపోతున్నారు. జోజమ్మ ఇద్దరిని పిలిచింది. మూడో పిల్ల కోసం వెతకనైనా లేదు, చెయ్యి దానంతట అదే చివరి బెంచీలో ఉన్న పద్మ వైపు వెళ్లింది. పద్మ రోజూ వేసుకొచ్చేది ఒకటే గళ్ల లంగా. ఆ లంగా కనబడింది, అంతే. పద్మ మారుమాట లేకుండా వచ్చి నిలబడింది. "పూరెస్ట్" అంది జోజమ్మ, భుజం మీద చెయ్యి వేసి మరీ.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఇంకో సంగతి కూడా చెప్పింది. గుణం చెప్పే మాటకు ముందు 'ద' అని పెడితే చాలు, అది మనుషులకు పేరైపోతుందని. ద రిచ్ అంటే డబ్బున్నవాళ్లు, ద పూర్ అంటే లేనివాళ్లు. పిల్లలందరూ బుద్ధిగా రాసుకున్నారు.

వారం తిరక్కుండా పద్మ బడికి రావడం మానేసింది. ఒకరోజు, రెండురోజులు, జ్వరమేమోననుకుంది జోజమ్మ. నాలుగో రోజు హాజరు పిలుస్తూ, "పద్మ ఏదర్రా?" అని అడిగింది.

కృష్ణవేణి లేచి చేతులు కట్టుకుని గట్టిగా చెప్పింది. "ద పూరెస్ట్ ఈజ్ ఆబ్సెంట్, టీచర్!"

నిజం చెప్పొద్దూ, ముందు జోజమ్మకు సంతోషమే వేసింది. ఏడాది పొడుగునా గొంతు చించుకున్నా వీళ్ల నోట ఒక్క ఇంగ్లీషు వాక్యం పూర్తిగా రాలేదు. ఇప్పుడొచ్చింది, ఒక్క తప్పు లేకుండా. వెరీ గుడ్ అనబోయింది కూడా. ఇంతలో క్లాసంతా కిసుక్కుమంది. ఆ నవ్వు విన్నాక గానీ ఆవిడకు వెలగలేదు.

"ఎవరే దానికి ఆ పేరు పెట్టింది?"

"మీరేగా టీచర్!" అంది కృష్ణవేణి. పాపం, ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది.

అడగ్గా అడగ్గా అంతా బయటపడింది. బోరింగు దగ్గర "ఓ పూరెస్టూ, నీ బిందె తియ్యవే" అంటున్నారట. ఇంగ్లీషు ముక్క రాని ఒకటో తరగతి పిల్లలు కూడా పూరెస్టు అంటే పద్మ ఇంటిపేరనుకుని పిలుస్తున్నారట. జోజమ్మకు హాజరు పట్టీ మీద అక్షరాలు కనబడలేదు. ఆ రోజు ఇంక పాఠం చెప్పలేకపోయింది.

హెడ్మాస్టరు దశరథరామయ్యగారు మంచి మనిషే, కాకపోతే దేనికీ కంగారుపడరు. "తోటల్లో పని మొదలైందమ్మా. ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు ఇట్టాగే జారిపోతారు. మీరు మనసులో పెట్టుకోకండి" అన్నారు.

"పరీక్ష ఇంకా పది రోజులే ఉందండీ. ఇప్పుడు రాకపోతే ఆ పిల్ల ఇక ఎప్పటికీ రాదు."

"రాదు. అయితే ఏం చేస్తారు?"

ఏం చేస్తుందో ఆవిడకూ తెలియదు. బడి వదలగానే గొడుగు తీసుకుని పద్మ తల్లి కూలికి పోయే తోట దారి పట్టింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఉంగుటూరులో ఒక్క జత బట్టలతో ఎన్ని ఏళ్లు బడికి వెళ్లలేదు తను! ఏ మేష్టారైనా తనను అలా నిలబెట్టి ఉంటే మర్నాడు బడి మొహం చూసేదా? నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయా?

ముందు రోజు గాలిదుమారానికి తోటలో బోలెడు కాయ రాలింది. కాపలా పాక ముందు రాశి పోసి, అయిదారుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. వాళ్లు ఏ కాయనూ ఒంటిగా చూడరు. రెండు చేతుల్లోకి రెండు తీసుకుని, కాస్త పైకీ కిందికీ ఆడించి బరువు చూసి, ఆ తర్వాతే పెద్దది ఆవకాయకు, మధ్యరకం బజారుకు, దెబ్బ తగిలింది ఒరుగులకు అని విడదీస్తారు. పద్మ చేతులు కూడా అలాగే ఆడుతున్నాయి, పెద్దవాళ్లకంటే చురుగ్గా. టీచరును చూడగానే ఆగిపోయాయి.

పద్మ తల్లి అచ్చమ్మ గబగబా లేచింది. "టీచర్ గారా! ఇంత ఎండన పడి వచ్చారేంటండీ? ఒసే పద్మా, మంచినీళ్లు తేవే. చూడండి దీని పొగరు. బడికి పోనంటే పోనని కూచుంది. చదువు రావట్లేదంట. నాలుగు తగిలించాను కూడా. అయినా కదల్లేదు."

జోజమ్మ పద్మ వెనకే పాకలోని నీళ్ల కుండ దగ్గరకు వెళ్లింది.

"చదువు రావట్లేదని చెప్పావా అమ్మకు?"

పద్మ తలూపింది.

"అసలు సంగతి ఎందుకు చెప్పలేదే?"

పద్మ కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. "నేను పూరెస్ట్ అయితే మా అమ్మ కూడా అదే కదండీ. ఆ మాట ఇంటికెట్టా తీసుకెళ్లను?"

పన్నెండేళ్ల పిల్ల తల్లి చేతి దెబ్బలు తింటూ కూడా ఆ తల్లి చెవిన ఒక మాట పడకుండా కాచుకుంటోంది. ఆ మాట పెట్టింది జోజమ్మే.

"నేను చెప్పనా అమ్మకు?" అని అడిగింది చివరికి.

"మీరు చెప్తే చెప్పుకోండి. నేనైతే చెప్పను."

ఏదో ఒకటి సర్ది, బతిమాలి పిల్లను తీసుకుపోవచ్చు. అచ్చమ్మకు ఎప్పటికీ తెలియదు. కానీ అప్పుడు పొగరుబోతన్న పేరు పద్మకే ఉండిపోతుంది. జోజమ్మ గొడుగు పక్కన పెట్టి, చీర మాసిపోతుందని కూడా చూసుకోకుండా ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. తనను తాను వెనకేసుకురాలేదు.

అంతా విని అచ్చమ్మ, "ఆ ఇంగ్లీషు మాటకర్థం ఏంటండీ?" అంది.

"అందరిలోకీ... బీదదని."

చుట్టూ ఉన్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. "అయ్యో, అదేం మాట తల్లీ" అని ఎవరో గొణిగారు. అచ్చమ్మ మాత్రం జోజమ్మ మొహంలోకే సూటిగా చూసింది.

"బీదవాళ్లమేనండీ. దాచుకునేదేముంది? కానీ అందరిలోకీ అని మీరెట్టా తేల్చారు? కాయని చిన్నదనాలంటేనే మేం పక్కన ఇంకోటి పెట్టుకుని చూస్తాం. మీరెప్పుడన్నా మా ఇంట్లోకొచ్చి చూశారా? ఆ మిగతా పిల్లల ఇళ్లకెళ్లి చూశారా? లంగా చూసి చెప్పేశారా?"

"లంగా చూసే చెప్పానక్కా" అంది జోజమ్మ. అప్పటిదాకా ఆవిడను అక్కా అని పిలవాలని తనకు తోచలేదు. "తప్పయిపోయింది."

అచ్చమ్మ పద్మను దగ్గరకు లాక్కుని, జాకెట్టు చెయ్యి పైకి తోసి, కొట్టినచోట వేళ్లతో రాసింది. "నోరు తెరిచి చెప్పొద్దటే పిచ్చి మొహమా? ఊరికే కొట్టేశానే తల్లీ" అంటూ ఏడ్చేసింది. పద్మ మాత్రం ఏడవలేదు. తల్లి కొంగు తీసి తల్లి మొహమే తుడిచింది.

అచ్చమ్మ ముక్కు చీదుకుంది. "పరీక్షకి వస్తదో రాదో దాన్నే అడగండి టీచర్ గారూ. నేనిక దాన్ని కొట్టి పంపను."

"వస్తే మళ్లీ అంటారండి" అంది పద్మ.

"అనొచ్చు. అనరని నేను నీకు మాటివ్వలేను. కానీ ఆ పేరు పెట్టింది నేను, తీసెయ్యాల్సింది కూడా నేనే. రేపు ఆ పని చేస్తాను. ఆపైన నీ ఇష్టం."

పద్మ వెళ్లి మళ్లీ రాశి ముందు కూర్చుంది.

మర్నాడు ఏడో తరగతిలో జోజమ్మ పుస్తకం తెరవలేదు. ఆ రోజు పద్మను నిలబెట్టిన చోటికే వెళ్లి తను నిలబడింది. చిన్నప్పుడు తన ఇంట్లో ఏం ఉండేదో, ఏం ఉండేది కాదో చెప్పింది. గంజి తాగి బడికి వెళ్లిన రోజులు చెప్పింది. "మీలో అందరికంటే బీద ఎవరో నాకు తెలీదర్రా. మీ ఇళ్లకు నేనెప్పుడూ రాలేదు. తెలీకుండానే చెప్పేశాను. టీచర్ని కదా, నేనేం చెప్పినా నిజమని మీరు నమ్మారు. అది తప్పు పాఠం. కొట్టెయ్యండి" అంది. పిల్లలు నోట్సు తీసి నిజంగానే కొట్టేశారు. కృష్ణవేణి కొట్టేసిన చోట కాగితం చిరిగిపోయింది.

ఆ రోజు పద్మ రాలేదు. మర్నాడూ రాలేదు. జోజమ్మ ప్రతి పూటా గేటు వైపు చూసి చూసి విసిగిపోయింది. వెళ్లి మళ్లీ అడుగుదామా అనిపించేది, నీ ఇష్టమని చెప్పి వచ్చాక ఇంకేం అడుగుతుంది? అలాగే పరీక్షలు వచ్చేశాయి. మొదటి రోజు తెలుగు. బెల్లు కొట్టారు, పేపర్లు పంచారు. ఇక లాభం లేదని జోజమ్మ వరండాలోంచి లోపలికి తిరిగేసరికి, గేటు దగ్గర అచ్చమ్మ కనబడింది. ముందు పద్మ పరుగెత్తుకొస్తోంది, చేతిలో అట్ట, జేబురుమాలులో కట్టిన కలం. దశరథరామయ్యగారు గడియారం చూసుకోవడం మానేసి తనే పేపరు అందించారు. "రా తల్లీ, కూచో" అన్నారు.

పరీక్ష వదిలాక బయట ఒకరిద్దరు ఆ పేరుతో పిలిచారు, అబద్ధమెందుకు. కృష్ణవేణి వాళ్ల మీదికి కొట్లాటకు వెళ్లింది. పద్మ ఏమీ పట్టనట్టు వెళ్లి అచ్చమ్మ పక్కన కూర్చుని అన్నం తింది.

మూడో రోజు ఇంగ్లీషు. కాపలా కూర్చోవాల్సిన పొరుగూరి మాస్టారికి బస్సు తప్పింది. ఆయన వచ్చేదాకా గదిలో ఉండమని హెడ్మాస్టరు జోజమ్మను పంపారు. సీలు విప్పిన కట్టలోంచి ఒక్కో పేపరూ పంచి, మిగిలిన ఒకటి చేతిలో పట్టుకుని చూసుకుంది. నాలుగో ప్రశ్న దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. ఈ కింది విశేషణాలకు మిగతా రెండు రూపాలు రాయండి. మూడు ఇచ్చారు. స్వీట్, టాల్, పూర్. జిల్లాలో ఎవరో ఏ కుర్చీలోనో కూర్చుని ఇచ్చిన ప్రశ్న, వాళ్లకేం తెలుసు? ఒక్కోదానికి ఒక మార్కు.

ఇంకెవరినీ చూడలేదు జోజమ్మ, పద్మనే చూస్తూ నిలబడింది. పద్మ మొదటి ప్రశ్న రాసింది, రెండోది రాసింది, మూడోదీ రాసింది. నాలుగో దానిలో రెండు వరసలు రాసింది. కలం ఆగింది. జోజమ్మ మెల్లగా వెళ్లి బెంచీ పక్కన వంగింది.

"ఆ ఒక్కటీ వదిలెయ్యి పద్మా. ఒక్క మార్కే కదా."

పద్మ తలెత్తింది. ఏమంటున్నారో తెలియనట్టు ఒక్క క్షణం చూసింది. కలం ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది జోజమ్మకు. సిరా అందడం లేదు. పద్మ దాన్ని రెండుసార్లు విదిలించి, పాళీని రుమాలుతో తుడిచింది.

"ఎందుకండీ వదలడం? నాకొచ్చుగా."

వంగి రాసింది. మొదటి మాట, రెండో మాట, మూడో మాట, ఒక్క అక్షరం కూడా పక్కకు పోకుండా గుండ్రంగా. రాసి, కింద గీత గీసి, అయిదో ప్రశ్నలోకి వెళ్లిపోయింది.