నారుమడి నలభై సెంట్లు

కొన్న బియ్యంలో రాళ్ళేరాల్సి వచ్చినప్పుడల్లా వీరదుర్గకి ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. హంసలదీవి దగ్గర ఐదెకరాల మాగాణి ఉన్న ఇల్లది. అందులో నలభై సెంట్లు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఆమెకిచ్చింది, పాస్‌బుక్కూ ఆమె పేరునే ఉంది. మూడేళ్ళ కిందట గ్యాస్ బావి తవ్వడానికొచ్చిన కంపెనీ, లారీల రోడ్డు కోసం సరిగ్గా ఆ నలభై సెంట్లే అడిగింది.

మొగుడు మోహనకృష్ణ ఆమెకి మేనబావే. చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు, వినడు, అంతే. "నష్టమంటే ఏంటో మీ అక్కనడుగు" అన్నాడప్పుడు. అక్క స్వర్ణలతని ఖమ్మం అవతల బొగ్గు గనుల వైపిచ్చారు. ఓపెన్‌కాస్ట్ గని వచ్చి ఆమె మెట్టినూరిని ఉన్నపళంగా మింగేసింది. ఇప్పుడు కాలనీలో రేకులింట్లో ఉంటోంది. "అక్కడ ఊరే పోయింది. మనకి పోయేది నలభై సెంట్లు, అదీ లీజుకి. గ్యాసంటే బొగ్గులాగా కాదు దుర్గా, పైనేం కనపడదు."

అక్క అంత పోగొట్టుకుని కూర్చుంటే తను ఈ కాస్తకి కళ్ళు తుడుచుకోవడం తప్పనిపించింది. సంతకం పెట్టేసింది. అందుకు ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు.

ఎందుకంటే ఆ నలభై సెంట్లు నారుమడి. చుట్టూ ఉప్పునేలలో కాస్త మెరక మీద మిగిలిన మంచినేల అదొక్కటే. ఏటా వడ్లు నానబోసి, మొలకెత్తేలా మండె కట్టి, మొలకలు చల్లేది వీరదుర్గే. మడికి నీళ్ళు పెట్టే ముందు కాలవలోకి దిగి, దోసెడు నీళ్ళు తీసి నాలుక మీద వేసుకుని చూసేది. ఉప్పు తగిలితే గండి పూడ్చేసి, మళ్ళీ సాయంత్రం వచ్చి చూసేది. ఇరవై రెండేళ్ళు చేసింది. అదొక పనని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. పాస్‌బుక్కులోనూ మాగాణి అనే ఉంది.

రోడ్డుకి గ్రావెల్ పోశాక మురుగునీరు కదలడం మానేసింది. పొలమంతా చౌడు తేలింది. అవనిగడ్డ వైపు నుంచి నారు కొనుక్కొచ్చి నాటితే పదిరోజులకే ఎర్రబడి చచ్చింది. మరుసటేడూ అంతే. మోహనకృష్ణ వానని తిట్టాడు, కాలవని తిట్టాడు, రోడ్డు జోలికి మాత్రం పోలేదు.

ఇవాళ లీజు పొడిగించుకోవడానికి కంపెనీ తరఫున శ్యామ్ సుందర్ అనే ఆఫీసరు వచ్చాడు. వీరదుర్గ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళబోతుంటే మోహనకృష్ణ కాగితాలు ఆమె ముందుకి జరిపాడు, మళ్ళీ అక్క సంగతే ఎత్తాడు. వీరదుర్గ వాటిని ముట్టుకోలేదు. అక్క ఏడిస్తే ఆ గని గొయ్యి చూసి పదిమందీ ఏడ్చారు, పేపర్లో ఫొటోలేశారు. తనకి చూపించుకోవడానికి గొయ్యి కూడా లేదు. నిన్న ఫోన్లో ఈ మాటే అంటే అక్క మెల్లిగా, "నా ఏడుపుతో నీ ఏడుపుని కొలవొద్దని బావకి చెప్పవే" అంది.

"నేను పెట్టను బావా," అంది వీరదుర్గ. "రోడ్డు తీసేసి నా నారుమడి నాకివ్వమనండి."

శ్యామ్ సుందర్ గ్లాసు కింద పెట్టి, నారుమడి అని రికార్డులో ఎక్కడా లేదండీ అన్నాడు మర్యాదగానే. ఆమె మొగుడి వంక చూసింది. ఆ ఐదెకరాల పంటా ఇన్నేళ్ళూ ఎక్కణ్ణించి లేచిందో అతనైనా చెబుతాడనుకుంది.

మోహనకృష్ణ నవ్వాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే తెలియని నవ్వు.

"నారుదేముంది దుర్గా, చల్లితే అదే వచ్చేది కదా."

తన నారుమడి మూడేళ్ళ కిందట పోలేదనీ, ఈ ఇంట్లో అసలు ఏనాడూ లేదనీ వీరదుర్గకి అప్పుడు తెలిసింది.