కాయల గదిలో పీట

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పడకగదిలో ఫోను పట్టుకుని మంత్రి లక్ష్మీనరసింహారావు గారు. హాల్లో టీవీ ముందు ఆయన తమ్ముడు పాండురంగారావు గారు. వంటింట్లో నాగేంద్రమ్మ. వాకిట్లో తుడిచిన కారునే మళ్ళీ తుడుస్తూ డ్రైవరు జోజిబాబు. వరండా నిండా, ఎవరు ఎటువైపో తేల్చుకోలేని పార్టీ మనుషులు. ఇంటి వెనక కాయల గదిలో, పీట మీద, బుల్లెమ్మ.

బుల్లెమ్మ పొద్దుటి నుంచీ పళ్ళు ఏరుతోంది. గది నేలంతా వరిగడ్డి పరిచి, దాని మీద గోడ నుంచి గోడ దాకా చినరసాలు, పెదరసాలు మాగవేశారు. మధ్యలో నడిచేందుకు సన్నటి దారులు. నడిచేందుకు అంటే ఆమె జరిగేందుకు. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమకాలు మోకాలి కింద చేతికర్రంత సన్నగా ఉండిపోయింది. ఆ కాలిని పక్కకు మడుచుకుని, కుడికాలితో నేలను తన్ని, పీటతో సహా జానెడు ముందుకు జరుగుతుంది. ఆగి నాలుగు పళ్ళు చూస్తుంది. మళ్ళీ జానెడు. పాత మంచం చెక్కతో ఆ పీట చేయించింది మంత్రిగారి తల్లి. ఇన్నేళ్ళలో దాని అడుగు అద్దంలా అరిగింది. కూర్చునే చోట ఎడమవైపు కొంచెం పల్లం పడింది.

పండు మాగిందో లేదో తెలుసుకోవడానికి ముచ్చిక పక్కన బొటనవేలు ఒక్కసారి ఆనిస్తే చాలు. రెండోసారి నొక్కకూడదు. నొక్కితే అక్కడ నల్లబడుతుంది. ఇవాళ ఆమె ఒకే పండును పదేపదే నొక్కింది. తెలిసి పక్కన పెట్టింది. కాసేపటికి మళ్ళీ అదే చేతిలోకి వచ్చింది.

మామిడి రోజుల్లో ఆ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ రసాల బుట్ట లేకుండా వెళ్ళరు. అది ఆ ఇంటి ఆనవాయితీ. "ఇవాళ తినేవి", "ఎల్లుండికి", "ఢిల్లీ దాకా ఆగేవి" అని పెద్దబాబు గారు వరండాలోంచి కేకేస్తే, బుల్లెమ్మ దాన్నిబట్టి ఏరి పేరుస్తుంది. పెద్దబాబు గారంటే మంత్రిగారే, చినబాబు గారంటే ఆయన తమ్ముడు. ముఖ్యమంత్రి గారింటికి వెళ్ళే బుట్టను నిన్ననే పేర్చి, పైన గోనెపట్టా కుట్టి గోడవారన పెట్టింది.

పొద్దున్నే జోజిబాబు గుమ్మంలోంచి తల పెట్టాడు.

"బుల్లెమ్మత్తా, ఆ పెద్ద బుట్ట విప్పేయమన్నారు."

"కుట్టేశాను గదరా! విప్పి ఎవరికియ్యాలంట?"

"వరండాలో ఉన్నోళ్ళకి. ఇవాళే తినేస్తారులే. రేపట్నుంచి ఎవరొస్తారు మనింటికి?" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నాకూ ప్రభుత్వం కారు పోద్ది. టోల్‌గేటు కాడ దిగి బతిమాలుకోవాలి."

బుల్లెమ్మ దబ్బనంతో కుట్లు విప్పింది. బయట రోహిణి కార్తె గాలి. తోటలో ఎక్కడో కాయ రాలిన చప్పుడైతే ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది.

పెద్దబాబు గారు మంత్రి పదవి వదిలేసే దాకా ఇదంతా ఆమె లేచి నిలబడడం వల్లే వచ్చిందని ఇంట్లో అందరూ అంటున్నారు.

వికలాంగుల పింఛన్లు తగ్గించాలని ప్రభుత్వం మళ్ళీ అందరికీ పరీక్షలు పెట్టినప్పుడు, బుల్లెమ్మ కూడా ఆటోలో నూజివీడు వెళ్ళింది. బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. డాక్టరు గారు గదిలోకి వచ్చారు. పెద్దవాళ్ళు వస్తే కూర్చుని ఉండడం ఆమె ఎరగదు. చేతికర్ర పక్కింటావిడ ఒళ్ళో ఉన్నా సరే, గోడ పట్టుకుని, పళ్ళు బిగించి లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. డాక్టరు గారు ఆమెను పైనుంచి కిందికి చూశారు. "బాగానే నిలబడుతున్నావే" అన్నారు. ఆమె దాన్ని మెచ్చుకోలు అనుకుంది. మరుసటి నెల పింఛను తెచ్చే అమ్మాయి స్కూటీ ఆపకుండానే వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి పెద్దబాబు గారు, "డాక్టరొస్తే ఎందుకు లేచావు బుల్లెమ్మా?" అని అడిగారు.

"పెద్దోళ్ళొస్తే లేవకుండా ఎట్టా కూర్చుంటానండీ?"

ఆ తర్వాత అలాంటివాళ్ళు ఆయన దగ్గరకు చాలామంది వచ్చారు. చూపు లేనివాళ్ళు, మంచంలో ఉన్న పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్ళు. పార్టీ మీటింగులో ఆయన ఈ మాట ఎత్తితే సగంమంది బల్లలు చరిచారట, సగంమంది లేచి వెళ్ళిపోయారట. తమ్ముడు వెళ్ళిపోయినవాళ్ళ వైపు.

మధ్యాహ్నం నాగేంద్రమ్మ టీ గ్లాసు తెచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోట్లేదే. చేసిన ఉప్మా చేసినట్టే ఉంది."

"చినబాబు గారేమంటన్నారు?"

నాగేంద్రమ్మ గొంతు తగ్గించింది. "ఒక్క బుల్లెమ్మ లేచి నిలబడినందుకు నువ్వు దిగిపోతావా అన్నయ్యా, అన్నారు."

బుల్లెమ్మ టీ కింద పెట్టేసింది.

"ఎహె, నిన్ననలేదులే. ఊరికే మాటవరసకి."

"దిగిపోతే బెజవాడ వెళ్ళిపోతారా?"

"మరి? అక్కడిల్లు ఆయనది. ఈ ఇల్లూ తోటా పంపకాల్లో చినబాబు గారివే గదా. మంత్రిగారని ఇన్నాళ్ళూ ఊరుకున్నారు."

బుల్లెమ్మ తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. చాట్రాయిలో ఆమె తమ్ముడు గోపి ఉన్నాడు. పింఛను ఆగిందని తెలిసిన రోజు గోపి భార్య ఫోనులో, "నువ్వక్కడే ఉండొదినా, పెద్దింట్లో తిండికి లోటుండదు" అంది. గొంతు ఎంతో ముద్దుగా ఉంది. ఇక ఈ గది తప్ప ఆమెకు చోటు లేదు. ఈ గదిలో ఆమెను ఉండనిచ్చింది పెద్దబాబు గారి మాట. ఆ మాట వెళ్ళిపోతోంది.

అందుకని పొద్దుటి నుంచీ ఒక వాక్యం కూడబలుక్కుంటోంది. 'వెళ్ళే ముందు ఈ గది సంగతి చినబాబు గారికి ఒక్క మాట చెప్పండి.' మొదట్లో 'బాబుగారూ' పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది. పీట గోడ దాకా వెళ్ళింది, గుమ్మం దాకా వచ్చింది. ఆ దారిలో పళ్ళన్నీ ఎప్పుడో ఏరేసింది.

ఎండ వాలుతుండగా హాల్లో టీవీ ఒక్కసారి పెద్దగా అరిచింది. వెంటనే వరండాలో కుర్చీలు కదిలాయి, ఫోన్లు మోగాయి, బండ్లు స్టార్టయ్యాయి. నాగేంద్రమ్మ వంటింటి కిటికీలోంచి, "రాజీనామా ఇచ్చేశారంటే!" అని కేకేసింది. కాసేపటికి వరండాలో ఖాళీ కుర్చీలు, పూలకుండీల్లో రసం పీల్చి పారేసిన టెంకలు మిగిలాయి.

పెద్దబాబు గారు కాయల గదికి వచ్చారు. చొక్కా నలిగిపోయింది. కాళ్ళకు చెప్పులు లేవు. బుల్లెమ్మ కర్ర కోసం తడుముకుంది.

"లేవకు, లేవకు" అన్నారాయన.

అప్పటికే లేచింది.

ఆయన ఖాళీ అయిన పీట మీద కూర్చున్నారు. పక్కనున్న పండు తీసి, చేత్తో పిసికి, ముచ్చిక కొరికి ఉమ్మేసి పీల్చారు. ఆమె పొద్దుటి నుంచీ నొక్కిన పండే అది.

"చెప్పి చూశాను బుల్లెమ్మా. వినలేదు. అక్కడ కూర్చుని తలూపడానికి నా వల్ల కాలేదు."

"పింఛను మళ్ళీ వస్తదాండీ?"

"బయట్నుంచి అడుగుతాను. గట్టిగా అడుగుతాను." మనిషి తేలికపడినట్టున్నారు. ఆయన మొహం అలా ఉండగా ఆమె చూసి చాలా కాలమైంది.

"బాబుగారూ, ఈ గది..."

"అవును. ఈ గదిలోకొస్తే మా అమ్మ ఉన్నట్టే ఉంటుంది."

ఆమెకు ఆ తర్వాతి మాటలు దొరకలేదు. పొద్దున అన్నీ ఉన్నాయి. ఈలోగా ఆయన ఫోను మోగింది. టెంకను పీట మీదే పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని, "చెప్పండి, చెప్పండి" అంటూ లేచి వెళ్ళిపోయారు.

బుట్ట కట్టాలని అప్పుడు గుర్తొచ్చింది. ఆ బుట్ట పట్టుకెళ్ళే వంకతోనైనా చెప్పవచ్చు. ఆయన టెంక పెట్టిన పీట మీద కూర్చోలేదు. ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో పండు. వంగి తీసి, నిటారుగా లేచి, బుట్టలో వేసి, మళ్ళీ వంగి. ఎన్నాళ్ళు ఆగే పళ్ళు పెట్టాలో తెలియక అన్ని రకాలూ కలిపి పెట్టింది. అడుగు నిండగానే బుట్టను చంకన ఇరికించుకుని ఇంటి పక్క సందులోంచి ముందుకు నడిచింది.

ప్రభుత్వం కారు వాకిట్లోనే ఉంది. జోజిబాబు లేడు. పెద్దబాబు గారి సొంత పాత కారు ఉండే చోట నేల మీద నూనె మరకే ఉంది. గేటు తెరిచే ఉంది.

"ఇప్పుడే వెళ్ళారే" అంది నాగేంద్రమ్మ. "నువ్వు కనపళ్ళేదని ఒకసారి వెనక్కి చూశారు కూడా."

రసాల బుట్ట లేకుండా ఆ ఇంటి నుంచి వెళ్ళిన మొదటి మనిషి ఆయనే.

బుల్లెమ్మ వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. గుమ్మం చేరేసరికి వెనక చెప్పుల చప్పుడు. పాండురంగారావు గారు, చెవి దగ్గర ఫోను. ఆమె కుడికాలి మీద బరువు వేసి పక్కకు ఒదిగి, గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన ఆమెను దాటి గదిలోకి వెళ్ళారు.

"లేద్సార్. అన్నయ్య నిర్ణయం అన్నయ్యది. మేమంతా పార్టీతోనే... ఇక్కడే సార్, ఇంటి వెనకాల. మంచి గది. ఈ పళ్ళు ఎత్తించేస్తే ఆఫీసుకి సరిపోద్ది..."

మాటల మధ్యలో వెనక్కి తిరిగారు. బుల్లెమ్మ కనిపించింది. ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఏంటి?"

"బాబుగారూ," అంది బుల్లెమ్మ. తర్వాతి వాక్యం ఆయనకు చెప్పేది కాదు.

ఆయన ఒక్క క్షణం చూశారు. కోపంగా కాదు. ఫోన్లో అవతల మనిషి ఆగి ఉన్నాడన్న తొందర అది. తలుపు దగ్గరకు వేశారు. లోపలి గడియ పడింది.

గాలికి తోటలో మరో కాయ రాలింది. బుల్లెమ్మ చంకలో బుట్టతో అలాగే నిలబడి ఉంది. లోపల, గడ్డి మధ్య సన్నటి దారిలో ఆమె పీట. దాని పల్లంలో, ఇంకా తడి ఆరని టెంక.