ఏడవని నీళ్లు

ఎండిపోయిన వాగు. ఇసుకలో మోచేతి లోతు చెలిమె.

చిప్పతో తోడేస్తే — మళ్లీ ఊరుతుంది. ఎవరూ అడక్కుండానే. చప్పుడు లేకుండా.

నా కళ్లూ అంతే...

రెండువేల ఏడు, మే నెల. హైదరాబాదు దవాఖానాలో రొమ్ము క్యాన్సర్ మందు ఆరోసారి ఎక్కించి పంపారు. జుట్టు పోయింది. తలకు గుడ్డ కట్టాను. రెప్పల వెంట్రుకలూ పోయాయి. కళ్లకేం కట్టను? కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్న దారి ఆ మందుకు పూడుకుపోయిందట. ఇక బయటికే కారతాయన్నాడు డాక్టరు.

నాకు ఏడుపు రాదు. మా అమ్మను మట్టిలో పెట్టిన రోజూ రాలేదు.

కారతాయి. అంతే.

ములకలపల్లి అవతల మా ఊళ్లో గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాను. బీడీలకు తునికాకు కోసే కూలీల సంఘం నడిపేదాన్ని. రోగం పేరు తెలిస్తే ఆకు కాంట్రాక్టరు మనుషులు నవ్వుకుంటారు.

కిందటేడు, ఆకు కొని ఎండబెట్టే ఈ కల్లంలోనే మా సంఘం జంపక్క ఏడ్చింది. ఆమె తెచ్చిన ఆకు కట్టలు వద్దన్నారని. అందరి ముందూ ఆమెనే కడిగేశాను.

"సిగ్గులేదా జంపక్కా? వీళ్ల ముందల కండ్లనీళ్లు పెడ్తవా? సంఘం ఇజ్జత్ తీసినవ్!"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ ఏడూ జంపక్క కట్టలే. రెండు రోజులు అడవిలో తిరిగి కోసిన ఆకు. చిల్లులున్నాయని కల్లేదారు ఉదయ్ భాస్కర్ కాలితో పక్కకు తోశాడు. లేచి అతని ముందుకెళ్లాను. నోరు తెరిచాను —

నోటికన్నా ముందు కళ్లు కారాయి.

"ఓహో! పోయినేడు నా మీదకి చెప్పెత్తిన మనిషేనా?" నవ్వాడు. "ఏడవమాకమ్మా. ఏడవమాక. తీసుకుంటాలే."

జంపక్క కట్టలు ఎండకు పరిచారు.

ఏడుపు కాదురా, మందు.

ఆ ముక్క గొంతులోనే ఉంది. అంటే కట్టలు వెనక్కొస్తాయి. అనలేదు... గెలిచాను.

థూ, నా గెలుపు.

ఇంటికి పోతూ వాగులో ఆగాం. జంపక్క చెలిమె తోడి నా ముఖం కడిగింది.

"నాకోసం ఏడ్సినవా వనజా? నిరుడు తిట్టినవని మనసే లేదనుకున్న నీకు. గట్ల అనుకున్నందుకు నా నోట్ల మన్ను వడ!"

ఇప్పుడైనా చెప్పాలి.

"జంపక్కా..."

"ఏంది?"

కొంగుతో నా కళ్లు తుడిచింది. నిరుడు నోట్లో కుక్కుకున్న ఆ కొంగుతోనే.

తుడిచింది — మళ్లీ ఊరింది.

ఎవరూ అడక్కుండానే. చప్పుడు లేకుండా...