అనసూయ కట్టిన మూడు పాటలు

అనసూయ మొదటి పాట నీళ్ల ట్యాంకరు మీద కట్టింది. అది తొంభై నాలుగు, మే నెల. తెనాలి నుంచి ఢిల్లీ వచ్చి వసంత్ కుంజ్‌లో అన్నావదినల దగ్గర ఉంటూ, అశోకా రోడ్డులో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేస్తోంది. ట్యాంకరు హారన్ వినపడగానే మూడంతస్తుల ఆడవాళ్లూ బకెట్లతో మెట్లు దిగి పరుగెత్తేవాళ్లు. లైన్లో నిలబడే 'పానీ ఆయీ', నీళ్లొచ్చాయంటూ, రెండు చరణాలు అల్లింది. పాట హిందీలో, రాసుకున్నది తెలుగు అక్షరాల్లో, కరెంటు బిల్లు వెనక.

ఆఫీసు ఫంక్షన్‌లో అది పాడితే, సాకేత్‌లో క్యాసెట్ల కంపెనీ నడిపే నవదీప్ కబురు పెట్టాడు.

"పానీ ఆయీ కాదండీ, పానీ ఆయా. హిందీలో నీళ్లు మగవాడు," అన్నాడు.

"బకెట్లు మోసేది ఆడవాళ్లేగా. నా నోటికి అలాగే వస్తోంది."

రెండు రకాలుగానూ రికార్డు చేసి విన్నాడు. తప్పుదే ఉంచాడు. చలికాలానికల్లా కాలేజీ ఫంక్షన్లన్నిట్లో 'పానీ ఆయీ' మోగిపోయింది. అనసూయ ఉద్యోగం మానేసింది.

రెండో క్యాసెట్‌కి కంపెనీ ఎనిమిది ప్రేమ పాటలు కావాలంది. అనసూయ అప్పటికి ఎవర్నీ ప్రేమించలేదు. హిందీ మాస్టారి దగ్గర కూర్చుని చందమామ, వాన, కళ్లు అన్నీ పెట్టి, ఒక్క తప్పూ లేకుండా రాసింది. వాటిలో 'చుప్ చుప్ చాంద్' మీద నవదీప్ చాలా ఆశపెట్టుకున్నాడు. దుకాణాలవాళ్లు క్యాసెట్లు అట్టపెట్టెల్లో తిప్పి పంపేశారు. ఆ తరవాత మూడు నెలలు ఆమె కలం పట్టలేదు.

"పాత ఆఫీసులో అడిగి చూడనా?" అన్నాడు అన్నయ్య కేశవరావు, మెల్లగా.

అప్పుడే వదిన సుభద్ర నలభై రెండో ఏట స్కూటర్ నేర్చుకోవడం మొదలెట్టింది. పొద్దున్నే మార్కెట్ వెనక రోడ్డులో అనసూయ సీటు పట్టుకుని వెనక పరుగెత్తేది. మొదటి రోజు వదిన పొదలో పడింది. మూడో రోజు కూరగాయల బండిని గుద్దింది. బండివాడు బెండకాయలు ఏరుకుంటూ, "దీదీ, దీనికి బ్రేకు కూడా ఉంటుంది," అన్నాడు.

పదకొండో రోజు అనసూయ చెయ్యి వదిలేసింది. సుభద్రకి తెలియలేదు. "పప్పు నానబోశావా? మాట్లాడవేం?" అంటూనే మలుపు తిరిగి వెళ్లిపోయింది. వెనక్కి తిప్పడం రాక మునీర్కా దాకా పోయి, చుట్టు తిరిగి నలభై నిమిషాలకి వచ్చింది. ఈలోగా గట్టు మీద కూర్చుని అనసూయ వదిన స్కూటర్ గురించి ఒక పాట కట్టేసింది.

"నా మీద పాటా?" అంది సుభద్ర, చెమట తుడుచుకుంటూ.

"నీ పేరు పెట్టలేదులే వదినా."

"పెట్టు. పడ్డ సంగతి కూడా రాయి. లేకపోతే నడపడం ఊరికే వచ్చేసిందనుకుంటారు."

నవదీప్ విని, "ప్రేమ పాట అడిగానే," అన్నాడు. నవ్వాపుకోలేక మళ్లీ పాడమన్నాడు. కోరస్ పాడటానికి సుభద్రే సాకేత్‌కి స్కూటర్ మీద వచ్చి, తాళం తప్పుతూ, తప్పుకోండంటూ "హటో, హటో" అని అరిచింది.

ఆ క్యాసెట్ మొదటిదానిలో సగమే అమ్ముడైంది. అనసూయకి దిగులేయలేదు. దాని తరవాత ఇంకో రెండు చేసింది, అన్నీ తెలిసిన మనుషుల మీదే. మూడో అంతస్తు ఆంటీ తన గురించి రాయొద్దని ముందే చెప్పింది. నెల తిరక్కుండానే, ఎందుకు రాయలేదో కనుక్కోవడానికి వచ్చింది.